బాల్యము – విద్య – కైంకర్యము

విద్య నభ్యసించుటకు తగిన కాలమేది యను ప్రశ్నకు దేశదేశముల పెద్దలు ఒకే సమాధానము చెప్పియున్నారు. శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమున ప్రహ్లాదుడు తన తోడి దైత్యబాలురకు, భాగవత ధర్మములను కౌమారముననే ఆచరింపవలెనని బోధించెను. చీనాదేశపు కన్ఫ్యూషియస్ మహనీయుడు తన మనస్సు పదునైదవ యేటనే విద్యపై నిలిచినదని చెప్పుకొనెను. చిన్ననాట చదువనివాడు తల నెరసిన పిదప వగచి ఫలము లేదని ఆ దేశపు పెద్దలు తరతరములుగా హెచ్చరించుచు వచ్చిరి.

ఆ దేశమునుండియే క్రీ.శ. 7వ శతాబ్దిలో ఇత్సింగ్ అను బౌద్ధభిక్షువు మన దేశమునకు వచ్చి, ఇచటి విద్యాక్రమమును తన గ్రంథమున వర్ణించెను. బాలురు 6వ యేట అక్షరములు, 8వ యేట పాణిని సూత్రములు ఆరంభింతురనియు, ఆ సూత్రములను 8 నెలలలో కంఠస్థము చేయుదురనియు, 15వ యేట వాని వృత్తిని చదువ మొదలిడుదురనియు వ్రాసెను. ముందు ధారణ, పిదప అర్థవిచారము: ఇదియే ఆ క్రమము.

ఇచట నొక ఆక్షేపము కలదు. అర్థమెరుగని పసివానిచేత ఏండ్ల తరబడి వల్లె వేయించుట న్యాయమా? తిరుమలలోని ధర్మగిరి వేదపాఠశాల వంటి చోట్ల సంత చెప్పు విధమును చూచినవారికి సమాధానము కొంత తోచును. గురువు ఒకమారు పలుకగా శిష్యులు రెండుమార్లు పలుకుదురు. ఉదాత్తానుదాత్త స్వరములు లేత నాలుకకు లొంగినట్లు ముదిరిన నాలుకకు లొంగవు. కనుక ధారణకు బాల్యమే తగిన కాలము. కాని వల్లె వేయించిన పెద్దలు ఆ బాలునికి ఋణపడినవారే. ధనుర్మాసమున తిరుప్పావై ముప్పది పాశురములును అప్పగించు బిడ్డకు, వయస్సు వచ్చిన పిదపనైనను వాని యర్థము చెప్పనిచో ఆ ఋణము తీరదు.

చిన్ననాటి విద్య ఎప్పుడు, ఎవరి సేవకు ఉపయోగపడునో ఎవ్వరెరుగుదురు? రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో అనంతపురము సీమలో జన్మించిరి. తండ్రివద్ద సంస్కృతాంధ్రములను, తల్లివద్ద సంగీతమును బాల్యముననే నేర్చి, పిదప మైసూరు పరకాల మఠమున శాస్త్రాధ్యయనము చేసిరి. ఆ తల్లిదండ్రులు బిడ్డకు విద్య నిచ్చిరే గాని, అది ఏ పనికి వచ్చునో వారికి తెలియదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులలో రాగముల పేర్లు కలవు గాని స్వరములు లేవు. 1950 నాటికి ఏబదియారేండ్లు నిండిన శర్మగారు తిరుపతికి వచ్చి, ఆ సంకీర్తనలను పరిష్కరించి, పెక్కింటికి స్వరరచన చేసిరి. సాహిత్యము, సంగీతము రెండును చిన్ననాడే అబ్బియుండుటచేతనే ఆ కైంకర్యము వారికి సాధ్యమైనది.

అట్లైనచో చిన్ననాట చదువని వారి గతి యేమి? పాండిత్యమునకు వయస్సు అడ్డు కావచ్చును గాని, శ్రవణమునకును శరణాగతికిని వయోనియమము లేదు. అట్టివారు మనుమని ప్రక్కన కూర్చుండి, వాడు వల్లించు శ్లోకమును తామును పలుకవచ్చును. ఆ పలుకుటవలన బాలునికి విద్యపై గౌరవము కలుగును, పెద్దలకు స్వామినామము దక్కును.

బాల్యము బాలుని చేతిలో నున్న ధనము కాదు. తన వెల తనకు తెలియని ఆ నిక్షేపమును శ్రీనివాసుడు తల్లిదండ్రుల చేతికిచ్చి దాచుమనినాడు. దానిని వృథా పుచ్చక, కైంకర్యయోగ్యముగా తిరిగి యప్పగించుటయే గృహస్థుని ధర్మము.