ఇంటిపేరు అడగని చోటు

మౌలాలి గుట్ట మీద ఎండ పడేసరికి, కింద హెచ్‌బీ కాలనీలో టీకొట్లు కిటకిటలాడుతుంటాయి. అక్కడ గ్లాసు పట్టుకున్న ఒకాయన చెయ్యి వణుకుతుంటుంది. చలికి కాదని, తాగుడు వల్లేనని పక్కాయనకు తెలుసు. అడగడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన మద్యనిషేధం రెండేళ్లకే పోయింది. కొట్టుకు తాళం వేయడం గురించి బోలెడు మాట్లాడాం గానీ, తాగేవాడి పక్కన కూర్చున్నది తక్కువేనని నాకనిపిస్తుంది.

ఆ పని చేసేది ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం. 1935లో అమెరికాలోని అక్రాన్‌లో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకు బానిసలే, ఒకరికొకరు తోడై దీన్ని మొదలుపెట్టారు. మన జంటనగరాల్లోనూ సమావేశాలు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. మొదటిరోజు నోరు విప్పకపోయినా ఏమనరు, వెనక కుర్చీలో కూర్చుని వినొచ్చు. ఇంట్లో వందసార్లు విన్న ‘తాగకు’ కంటే, తాగి మానినవాడి సొంత కథ చెవికెక్కుతుంది. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ విడిగా ఉంది.

ఒక్క జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టరుకు చూపించాలి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మీ ఆయన చేయకపోతే, వదినగారూ, మీరే చేయండి.