తాళం వేసినవాడు

దెయ్యం వున్న ఇంట్లో అద్దెకు దిగమంటే మనం దిగం. సగం అద్దెకే ఇస్తామన్నా దిగం. అలాంటిది, దెయ్యం వుందని చెప్పి మరీ గదులు అద్దెకిచ్చే చోట్లు కొన్నున్నాయి. జనం డబ్బుపోసి మరీ అక్కడికి వెళ్తారు కూడాను.

ఉత్తర ఐర్లండులో, ఆంట్రిమ్ సముద్రతీరాన బాలీగాలీ అని ఓ చిన్న వూరుంది. 1625లో జేమ్స్ షా అనే స్కాట్లండు ఆసామీ అక్కడ ఓ కోట కట్టించాడు. కోట అంటే మన గోల్కొండలాంటిది కాదు. మూలల్లో బురుజులున్న రాతి మేడ అనుకోండి. గోడలు 5 అడుగుల మందం. లోపల్నించి తుపాకీ పేల్చడానికి వాటిలో సందులు. శత్రువులు చుట్టుముడితే నీళ్లకు కటకట లేకుండా ఓ వాగు ఇంట్లోంచే పారేలా ఏర్పాటు. 1641 తిరుగుబాటులో ఎదిరిపక్షం మీదికొచ్చినా ఈ కోట లొంగలేదు. తర్వాత చాలా చేతులు మారి, 1950ల్లో హోటల్‌గా మారింది. 1966 నుంచి హేస్టింగ్స్ హోటళ్లవారిది. వాకిలి మీద పాతకాలం ఇంగ్లీషులో ఓ మాట చెక్కి వుంది. “దేవుడి దయే నా వారసత్వం” అని దాని అర్థం.

ఆ మాట చెక్కించిన ఆయనగారికి దేవుడి దయ ఒక్కటే చాల్లేదని చెప్పుకుంటారు అక్కడివాళ్లు. మగ వారసుడు కావలసివచ్చాడు. భార్య ఇజబెల్లా ఆడపిల్లను కంటే, ఆ తల్లిని బురుజుగదిలో పెట్టి తాళం వేశాడట. కాదు, పుట్టింది మగపిల్లాడే, కొడుకు చేతికొచ్చాక ఇక తల్లితో పనేముందని తాళం వేశాడని ఇంకొందరు చెబుతారు. కథ ఎలా చెప్పినా తాళం మాత్రం మారదు, చూశారా! చివరికావిడ కిటికీలోంచి కింద పడి ప్రాణం పోగొట్టుకుంది. దూకిందని కొందరు, తప్పించుకోబోయి జారిందని కొందరు, ఎవరో తోశారని కొందరు. ఆడదాని చావుకు ఈ మూడు కథలూ ఏ దేశంలోనైనా సిద్ధంగానే వుంటాయి కాబోలు.

ఇప్పటికీ ఆవిడ రాత్రిళ్లు వరండాల్లో తిరుగుతూ, గదుల తలుపులు తట్టి మాయమవుతుందట. ఎవర్నీ ఏమీ చెయ్యదట పాపం. బురుజులో ఓ చిన్న గదిని దెయ్యం గది అని అతిథులకు చూపిస్తారు.

ఇది చెప్పుకునే కథేగానీ కోర్టు తీర్పు కాదు. నాలుగువందల ఏళ్లనాటి మనిషిని ఓ కథ పట్టుకుని దోషి అనెయ్యడం న్యాయం కాదు. ఒప్పుకుంటాను. కాని వినేవాళ్లకు ‘ఇలా జరగదు’ అనిపించే కథ ఇన్నేళ్లు బతకదు. ఇది బతికింది. ఎంచేతంటే, కొడుకు కోసం భార్యను ఏడిపించడం వినేవాళ్లెవరికీ వింతగా తోచలేదు.

పుట్టబోయేది ఆడో మగో తేల్చేది తండ్రి బీజమేనని తెలియడానికి 1905 దాకా పట్టింది. పిండిపురుగుల్ని సూక్ష్మదర్శినిలో చూసి ఆ సంగతి తేల్చినావిడ నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు. కోట కట్టిన 280 ఏళ్లకు! పోనీ, ఆ సంగతి తెలిశాక తాళాలన్నీ వూడిపోయాయా? ఆ జవాబు మీకూ నాకూ తెలిసిందే.

కోరిక తీరనివాళ్లే దెయ్యాలవుతారని మన పెద్దవాళ్లంటారు. ఆ లెక్కన ఇజబెల్లా దెయ్యం కావడం సబబే. మరి తాళం వేసినవాడు దెయ్యం కాలేదేం? అతనికి తీరని కోరికంటూ మిగల్లేదు గనక! అంచేత మనకు అతనంటే భయం లేదు. ఆవిడంటే భయం. బాధ పెట్టినవాణ్ణి వదిలేసి, బాధపడ్డ మనిషికి జడుసుకుంటున్నాం. ఇదేం ధర్మం, మీరే చెప్పండి!

నాకు మాత్రం వాళ్లిద్దరికంటే కథలో కనిపించని మనుషుల మీదే ఆలోచన పోతుంది. ఆ మెట్లెక్కి ఆవిడకు రొట్టె అందించి వచ్చిన మనిషి ఒకరుండే వుండాలి. కింద వంటింట్లో నలుగురుండే వుండాలి. పైన తలుపు చప్పుడు వాళ్ల చెవిన పడే వుండాలి. దొరగారింటి సంగతి మనకెందుకనుకుని వుంటారు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. బతుకుభయం వాళ్లది. కాని 5 అడుగుల గోడలు తిరుగుబాటును ఆపాయంటారే, లోపలి మనిషి గొంతు బయటికి రాకుండా ఆపిందీ ఆ గోడలే కదా. వాటికి తోడు ఈ మనుషుల మౌనం.

బతికున్నప్పుడు ఆవిడ తట్టిన తలుపు ఒక్కటే. అది ఎవరూ తియ్యలేదు. ఇప్పుడు ఆ కోటలో అందరి తలుపులూ తడుతోందంటే, అది మనల్ని భయపెట్టడానికేనంటారా? పక్కవాటా గోడమీంచి ఓ రాత్రి అలాంటి చప్పుడే వినబడితే, “వాళ్ల సంసారం వాళ్లది” అనుకుని టీవీ చప్పుడు పెంచే ఇళ్లు మన వీధిలో మాత్రం లేవూ?

ఇజబెల్లా తట్టిన తలుపు తియ్యడానికి మంత్రగాడు అక్కర్లేదు. చెప్పులు తొడుక్కుని పక్కింటిదాకా వెళ్లి, “ఏమ్మా, ఒంట్లో బాగుందా?” అని అడిగే మనిషి ఒకరు చాలు.