చక్రాలపై ఇల్లు: జంగమమా, స్థావరమా?

ఇల్లు కదలరాదని ఏ ధర్మశాస్త్రమూ శాసించలేదు. అయినను ఇల్లు అనగానే పునాది, గోడ, గడప మన మనస్సులో మెదలుతాయి. పాతబడిన బస్సు నొకదానిని కొని, ఆసనాలు పెరికివేసి, పడకలూ పొయ్యీ నీటితొట్టీ అమర్చుకొని, ఆలుబిడ్డలతో అందులోనే సంసారం చేస్తూ, నచ్చిన పల్లె పొలిమేరలో కొన్ని నెలలు నిలిచి, మరల సాగిపోయే కుటుంబాలు పాశ్చాత్య దేశాలలో కలవు. వారిని సోమరులని కొందరు, విరాగులని కొందరు అంటారు. రెండును తొందరపాటు మాటలే. మనం విచారించవలసిన ప్రశ్న వేరు. రేపు విడిచిపోయే ఊరికి నేడు మనిషి ఏమి ఋణపడి ఉన్నాడు? వెళ్లిపోయేవాడు గనుక వాని ఋణం తగ్గుతుందా?

శరణ సంప్రదాయంలో పెరిగినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బసవేశ్వరుడు స్థావరం కంటె జంగమానికి పెద్దపీట వేసినాడు. అల్లమప్రభువు ఒకచోట నిలిచినవాడు కాడు. అక్కమహాదేవి ఉడుతడి విడిచి కల్యాణానికి, కల్యాణం విడిచి మన శ్రీశైలంలోని కదళీవనానికి నడచినది. సంచారం మనకు పూజ్యమే. కాని కదిలేదంతా జంగమమైతే గాలికి ఎగిరే ఎండుటాకు సైతం గురుస్థానం అడుగగలదు. అదియుగాక, ఏకాకిగా తిరిగే విరక్తుని మాట వేరు, కుండలతో పిల్లలతో తిరిగే గృహస్థుని మాట వేరు. విరక్తుడు ఊరిని అడిగేది ఒక పూట భిక్ష. కుటుంబం అడిగేది నీరు, వంటచెరకు, వైద్యం, బడి, మురుగు పోయేందుకు చోటు. ఈ చివరిదానిని గూర్చి తత్త్వగ్రంథాలు అంతగా మాట్లాడవు గాని, పల్లెలో తగవులు చాలవరకు అక్కడనే పుడతాయి.

ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం పరిశీలింపదగినది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో కళాశాల అధ్యాపకుడుగా ఉండిన స్టీఫెన్ గాస్కిన్ అనే ఆయన సోమవారం రాత్రులు ధర్మప్రసంగాలు చేసేవాడు. 1970 అక్టోబరులో ఆయన దేశాటనకు బయలుదేరగా, శ్రోతలలో అనేకులు పాత బడిబస్సులను ఇండ్లుగా మార్చుకొని వెంట నడిచినారు. రమారమి 60 వాహనాలు, సుమారు 300 మంది. దారిలో బస్సులలోనే పురుళ్లు జరిగినవి. మొదటి కాన్పు ఒక విశ్వవిద్యాలయపు వాహనాలు నిలుపు ఆవరణలో జరిగినదట. ఆ కాన్పులు చూస్తూ చూస్తూ మంత్రసానిగా మారిన ఇనా మే గాస్కిన్, నెలలు నిండక పుట్టిన తన బిడ్డను ఆ ప్రయాణంలోనే పోగొట్టుకొన్నది. చక్రాలపై ఇల్లు ఎంత దూరమైనా పోవచ్చును. కాని పుట్టుకయు చావును ఏదో ఒక ఊరి నేలమీదనే సంభవిస్తాయి. ఏ ఊరితోనూ సంబంధం లేదని చెప్పుకొనుట అంత సులభం కాదు.

1971లో వారు టెనెస్సీ రాష్ట్రంలోని సమ్మర్‌టౌన్ అనే పల్లె సమీపానికి చేరి, ఎకరం 70 డాలర్ల చొప్పున 1,064 ఎకరాల అడవిభూమి కొన్నారు. కొన్న వెంటనే ఇండ్లు లేవలేదు. బస్సులలోను సైన్యంవారి పాత గుడారాలలోను కాపురాలు సాగినవి. పొడుగు జుట్టు పెంచుకొని, మాంసమే కాక పాలు కూడ విసర్జించి, గంజాయి త్రాగుటను పాపంగా తలచని ఈ పట్నవాసులను చూచి, దైవభక్తిగల ఆ పల్లీయులు శంకించినారంటే ఆశ్చర్యం లేదు. ఆ శంకలో కొంత న్యాయం లేకపోలేదు కూడ. 1974లో గంజాయి సాగు నేరానికే గాస్కిన్ కారాగారానికి పోయినాడు. ఊరివారి చట్టాన్ని అతిథి తనకు వర్తించదనుకొనుట సంచార జీవితానికి పట్టే మొదటి తెగులని నా అభిప్రాయం.

మరి ఆ శంక ఎట్లు కరిగినది? ఉపన్యాసాలతో కాదు. వారికి సేద్యం రాదు, వడ్రంగం రాదు. చుట్టుప్రక్కల రైతుల పొలాలకు కూలికి పోయి పని నేర్చినారు. పాత కట్టడాలను కూల్చిపెట్టి, ఆ కలపతో తమ వసతులు కట్టుకొన్నారు. ఆ ప్రాంతపు వాడుక ప్రకారం తీపిజొన్న పండించి పాకం కాచినారు. ఒక స్థానిక వైద్యుడు వారి మంత్రసానులకు శిక్షణ ఇచ్చినాడు. ఇచ్చుట, పుచ్చుకొనుట రెండును పని ద్వారానే నడిచినవి. వారెవరూ కాయకమనే మాట విని ఉండరు. అయినను పొరుగువాని నమ్మకం చెమటతో సంపాదించవలసినదేయని వారు గ్రహించినారు.

ఇక్కడ మన ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల కథ తలపునకు వస్తుంది. వారును కల్యాణానికి పరస్థలం నుండి వచ్చినవారే. నేల రాలిన బియ్యపు గింజలు ఏరుట మారయ్య కాయకం. ఒకనాడు అతడు అవసరానికి మించి తెచ్చినాడు. లక్కమ్మ ఆ హెచ్చు బియ్యాన్ని వండక, తెచ్చినచోటనే విడిచి రమ్మన్నది. ఈ కథను ఆశను జయించిన కథగా చెప్పుట పరిపాటి. నాకు మాత్రం ఇది పరస్థలంలో బ్రతికే మర్యాద తెలిపే కథగా కూడ తోస్తుంది. రాలిన గింజలు ఊరందరివి. వచ్చినవాడు నేటికి చాలినంత తీసుకొంటే ఊరు సహిస్తుంది. రేపు నేనుండను గదా అని రెండింతలు తీసుకొంటే, తరువాత వచ్చే బాటసారికి కూడ తలుపు మూసుకొంటుంది. కనుక వెళ్లిపోయేవాని ఋణం తగ్గకపోగా, ఏనాటిదానిని ఆనాడే తీర్చవలసినంత తొందరగలది అవుతుంది. ఊరిలో ఉండేవాడు వచ్చే పంటకు బాకీ తీర్చగలడు. బస్సులోనివానికి వచ్చే పంట లేదు.

పిల్లల సంగతి ఇంకను చిక్కైనది. తలిదండ్రులు నిస్సంగత్వాన్ని ఎన్నుకొంటారు, బిడ్డలు ఎన్నుకోరు. నాలుగు నెలలలో పల్లెపిల్లలతో చెలిమి కుదిరి, చెట్ల పేర్లు తెలిసి, ఒక ఆవుకు తన చేతి మేత అలవాటు చేసే సరికి బస్సు కదులుతుంది. పెద్దలకు అది వైరాగ్య సాధన. ఎనిమిదేండ్ల బాలునికి అది కేవలం పోగొట్టుకొనుట. దేశాలు చూచిన బిడ్డకు లోకజ్ఞానం కలుగుతుందనుట నిజమే. కాని ఒక ఆటస్నేహితుని పోగొట్టిన తండ్రి దానికి బదులుగా ఏమిచ్చుచున్నాడో లెక్క చూచుకోవలెను. టెనెస్సీ వారు నిలిచిపోవుటకు కారణాలు అనేకం ఉండవచ్చును. బస్సులలో పుట్టిన శిశువులు నడక నేర్చుట వానిలో చిన్నది కాదని ఊహిస్తాను.

ఊరికి మాత్రం ధర్మం లేదా? తప్పక ఉన్నది. సంచారిని దొంగగా ముందే నిర్ణయించిన చట్టాలు మనకు తెలియనివి కావు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం మన దేశంలో తెచ్చిన నేరస్థ తెగల చట్టం తిరుగుటనే అనుమానంగా చూచినది. స్వాతంత్ర్యానంతరం 1952లో గాని అది రద్దు కాలేదు. తెలుగు పల్లెలలో తంబురా మీటి కథ చెప్పి, గింజలు పుచ్చుకొని, ఊరి బయట గుడిసె వేసుకొన్న బుడగ జంగాలను మనం ఎంత ఆదరంతో చూచినామో ఎవరికి వారు జ్ఞాపకం చేసుకోవచ్చును. జంగమ శబ్దానికి మ్రొక్కి, ఆ పేరుగలవానిని ఊరి బయటనే నిలిపినాము. బ్రిటనులో 1968 నాటి చట్టమొకటి జిప్సీల బండ్లకు చోటు చూపవలసిన బాధ్యత స్థానిక పాలకులపై ఉంచినది. 1994లో మరొక చట్టం ఆ బాధ్యతను తీసివేసి, అనుమతి లేక నిలిచినవారిని వెళ్లగొట్టే అధికారాలను పెంచినది. నిలుచుటకు చోటు చూపక, నిలిచినావని దండించుట ఏ న్యాయమో తెలియదు. చోటు చూపిన తరువాత నియమం అడుగుట న్యాయం.

సమ్మర్‌టౌన్ వారి ఉమ్మడి బ్రతుకు కూడ కష్టాలు లేక సాగలేదు. అప్పులు పెరిగి, 1983లో ఉమ్మడి ఖజానా విధానం మాని, ఎవరి కుటుంబపోషణ వారు చూచుకోవలసి వచ్చినది. పెక్కుమంది విడిచిపోయినారు. భూమి మాత్రం ఒక్కరి సొత్తు కాక ఉమ్మడిగనే మిగిలినది. ఆ చేరువలో 1940లలో వచ్చి స్థిరపడిన ఆమిష్ మతస్థుల పల్లె ఒకటి కలదు. వారు మోటారు బండ్లు ముట్టరు, గుర్రపు బండ్లు నడుపుతారు. వేషంలో, నమ్మకంలో ఈ ఇరువురికీ పోలికే లేదు. అయినను ఆ గుర్రపుబండ్ల ఇండ్లలో కాన్పు వస్తే, బస్సులలో వచ్చిన ఆ స్త్రీలకు కబురు వెళ్లేది.