చూపించేది యంత్రం, చూసేది ఎవరు?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటివి తెరవగానే మన ముందు పరచుకునే వరుసను మనం అడిగి తెప్పించుకోము. అది ముందే సిద్ధమై ఉంటుంది. ఖుర్ఆన్ పారాయణం, దాని వెనుకే ఒక నృత్యం, ఆ తర్వాత ఎవరినో దూషించే ప్రసంగం. 'మేము వెతకలేదు, అదే వచ్చింది' అని చాలామంది అంటుంటారు. ఈ మాటలో నిజమెంత? వీటిని వాడుకుంటూనే వీటి కీడు నుండి తప్పించుకోవడం సాధ్యమేనా? రేపు తన చూపుకు, తన సమయానికి జవాబు చెప్పుకోవలసి ఉందని నమ్మే మనిషికి ఇది చిన్న ప్రశ్న కాదు.

మొదట్లో ఈ పద్ధతి అన్నిచోట్లా లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 2016 వరకు, మనం అనుసరించేవారు పెట్టినవి పెట్టిన క్రమంలోనే కనిపించేవి. ఆ ఏడాది నుండి ఏది ముందు, ఏది వెనుక అన్నది యంత్రపు లెక్క నిర్ణయిస్తోంది. దాన్నే అల్గారిథం అంటారు. యూట్యూబ్ 2012లోనే, ఎంతమంది తెరిచారన్నదానికన్నా ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. ఫేస్‌బుక్ 2017లో కోపం గుర్తుతో సహా ముఖ చిహ్నాలన్నిటికీ 'లైక్' కంటే 5 రెట్లు విలువ కట్టింది. ఈ సంగతి 2021లో ఆ సంస్థ అంతర్గత పత్రాలు వెలుగులోకి వచ్చాక గాని లోకానికి తెలియలేదు. కోపం గుర్తు విలువను 2020లో సున్నా చేశారట. అప్పటిదాకా జనానికి కోపం తెప్పించగలిగినవాడి మాటే ఎక్కువ ఇళ్ళకు చేరింది. చెడును వ్యాపింపజేయాలని ఎవరో పూనుకుని రాసిన లెక్క కాదిది. మనిషిని ఎక్కువసేపు కూర్చోబెడితే ప్రకటనల ఆదాయం పెరుగుతుంది, అంతే.

అనుకోకుండా పడిన మొదటి చూపు మన్నించబడుతుందని, దాని వెంట రెండో చూపు వేయరాదని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (ర)కు బోధించిన విషయం అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. ఈ యంత్రం బతికేదే ఆ రెండో చూపు మీద! వేలు ఎక్కడ ఆగింది, ఎన్ని క్షణాలు ఆగింది, మళ్ళీ వెనక్కి వెళ్ళిందా? అది లెక్కపెట్టేవి ఇవే. మన నియ్యత్ దానికి తెలియదు. పడుకునే ముందు ఒక బయాన్ విందామని ఫోను తీసిన మనిషిలో అది చదివేది ఆ సంకల్పాన్ని కాదు, నఫ్స్ ఎటు ఒరిగిందన్నదాన్ని. కనుక 'మేము వెతకలేదు' అన్న మాట మొదటి దృశ్యం విషయంలో నిజమే కావచ్చు. పదో దృశ్యం దగ్గరికి వచ్చేసరికి అందులో సగమే నిజం. ఆ సగం కూడా ఎందుకంటే, మనవంటివారు ఎక్కడ ఆగారన్నదాన్ని బట్టి కూడా మనకు చూపిస్తుంది. పక్కింటివారి చూపుకు ఫలితం మన ఇంట్లో కనిపిస్తుందన్నమాట.

'నేను ధార్మిక వీడియోలే చూస్తాను, నాకేమిటి?' అనేవారున్నారు. గంటసేపు సాగే తఫ్సీర్ దర్సును, ఒక ఆలిమ్‌ను మరొకరు గేలిచేసే నలభై క్షణాల ముక్కను పక్కపక్కన పెట్టి చూడండి. జనం వేళ్ళు దేని దగ్గర ఆగుతాయి? హలాల్, హరామ్‌ల తేడా యంత్రానికి తెలియదు. ఇల్మ్‌కు, జగడానికి ఉన్న తేడా కూడా తెలియదు.

మరి మీటలున్నాయి కదా, 'నాకు ఆసక్తి లేదు' అని నొక్కితే సరిపోదా? మొజిల్లా సంస్థ 2022లో ఇరవై వేలకు పైగా మంది సహకారంతో యూట్యూబ్‌లో ఇదే పరీక్షించింది. 'ఆసక్తి లేదు' మీట అవాంఛిత సూచనలలో 11 శాతాన్నే ఆపగలిగింది. 'ఈ ఛానల్ చూపవద్దు' అన్న మీట కొంత మెరుగు, 43 శాతం. తలుపుకు గడియ పెట్టామనుకుంటాం గాని అది సగం కూడా పడలేదు.

యంత్రపు వరుసను మాని పాత క్రమానికి వెళ్ళడం ఇంకొక దారి. వ్యక్తిగత వివరాల ఆధారంగా పేర్చని వరుసను కూడా అందుబాటులో ఉంచాలని ఐరోపా సమాఖ్య పెద్ద సంస్థలను 2023 నుండి చట్టం ద్వారా నిర్బంధించింది. అయితే 2020 అమెరికా ఎన్నికల సమయంలో కొందరిని మూడు నెలలపాటు పాత క్రమంలో ఉంచి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వారు అక్కడ గడిపే సమయం బాగా తగ్గింది. ఫేస్‌బుక్‌లో దూషణలు కూడా తక్కువగా కనిపించాయి. కాని నమ్మదగని చోట్ల నుండి వచ్చే సమాచారం మాత్రం పెరిగింది, మనుషుల రాజకీయ అభిప్రాయాలూ మారలేదు. సమయం దక్కడమే పెద్ద లాభమని నా ఉద్దేశం. వార్త నిజమో కాదో విచారించుకునే బాధ్యత మాత్రం ఏ వరుసలోనూ తప్పదు.

పూర్తిగా వదిలేస్తే? 2018లో అమెరికాలో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానినవారికి రోజుకు సుమారు 60 నిమిషాలు మిగిలాయి, మనసు కొద్దిగా తేలికపడింది. మిగిలిన సమయంలో కొంత కుటుంబానికి, స్నేహితులకు దక్కింది, కొంత టీవీకి పోయింది! మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధిస్తే, జూలైలో రీల్స్, సెప్టెంబరులో షార్ట్స్ వచ్చాయి. దుకాణం మూతపడింది గాని అలవాటు వీధి దాటి పక్క దుకాణానికి వెళ్ళింది. పైగా గల్ఫ్‌లో కొడుకో, అల్లుడో ఉన్న ఇంటికి ఫోను వదిలేయమని చెప్పడం అన్యాయం. వారితో మాట్లాడే వాట్సాప్‌లో సందేశాలు వచ్చిన క్రమంలోనే ఉంటాయి. అక్కడ ఉండే బెడదలు వేరు. ఫోను మానడం వేరు, ఈ వరుసను మానడం వేరు అని పెద్దలు గుర్తిస్తే పిల్లలతో సగం వాదన తగ్గుతుంది.

ఒంటరిగా మానడం ఎందుకంత కష్టమో 2023లో వెలువడిన మరో పరిశోధన చెబుతుంది. అమెరికా కళాశాల విద్యార్థులను అడిగితే, తానొక్కడే నాలుగు వారాలు టిక్‌టాక్ మానడానికి సగటున 59 డాలర్లు ఇవ్వాలన్నారు. తనతోపాటు తోటివారందరూ మానేస్తారంటే తామే 28 డాలర్లు ఎదురు చెల్లిస్తామన్నారు! అంటే ఇష్టమై ఉన్నది కొంతే, వెనుకబడతామన్న భయంతో ఉన్నది ఎక్కువ. ఇక్కడే మనకు ఒక వెసులుబాటు ఉంది. ఉమ్మడిగా ఒక పని మానడం మనకు కొత్త కాదు. రమజాన్‌లో ఊరంతా కలిసి ఆకలిని ఓర్చుకుంటుంది. ఒంటరిగా పెట్టే నఫిల్ ఉపవాసం కన్నా ఆ నెల ఉపవాసం తేలికగా గడవడానికి అదొక కారణం. ఒకే మక్తబ్‌కు పిల్లలను పంపే పది ఇళ్ళవారు కూర్చుని, ఇషా తర్వాత ఏ ఇంట్లోనూ రీల్స్ తెరవకూడదని మాట అనుకుంటే, ఏ పిల్లవాడూ మర్నాడు స్నేహితుల మధ్య వెలితిగా నిలబడడు. అయితే ఆ మాట అబ్బాజాన్‌కు కూడా వర్తించాలి. అన్నం ముందు కూర్చుని తాను రీల్స్ తిప్పుతూ, కొడుకును ఫోను పక్కన పెట్టమంటే వాడు పెట్టడు.