ఒకే బల్ల వద్ద

క్రైస్తవ ప్రేమను హృదయంలో పుట్టే భావంగానే ఎంచేవారు, తొలి సంఘాలలో ఆ ప్రేమకు పరీక్ష భోజనపు బల్ల వద్దనే జరిగిందన్న సంగతిని తరచు మరచిపోతారు. కొరింథులో విశ్వాసులు ప్రభు రాత్రి భోజనానికి, అంటే యేసు మరణాన్ని రొట్టెతోను ద్రాక్షారసంతోను స్మరించుకొనే సంస్కారానికి కూడినప్పుడు, కలిగినవారు ముందుగా తిని తృప్తులు కాగా లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. అపొస్తలుడైన పౌలు దీనిని మర్యాదలో లోపంగా కాక, ఆ సంస్కారాన్నే వ్యర్థం చేసే అపరాధంగా పరిగణించాడు.

ఆ బల్ల కోరే దీనత్వమంటే తనను తాను హీనంగా భావించుకోవడం కాదు. తనకున్న స్థానాన్ని ఎరిగి ఉండి కూడా, దానిని తోటివాని మేలు కోసం పక్కన పెట్టడం. యోహాను సువార్తలో యేసు తాను బోధకుడననీ ప్రభువుననీ చెబుతూనే, సేవకులు చేసే పని చేసి, శిష్యుల పాదాలు కడుగుతాడు.

ఐక్యత కూడా ఇటువంటి త్యాగం వల్లనే సాధ్యమవుతుందనడానికి వేర్వేరు సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ భారత సంఘ (సి.ఎస్.ఐ.) చరిత్రే సాక్ష్యం. తిరునెల్వేలి ప్రాంతం నుండి తెలుగు నేలకు మిషనరీగా వచ్చి, 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో ఆయన విదేశీ మిషనరీలను కోరినది ధనాన్ని కాదు, సమానుల మధ్య ఉండవలసిన స్నేహాన్ని. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా యత్నానికి ఆయన ముఖ్య సారథి. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని బోధకుల సేవ చెల్లుతుందా అన్న ప్రశ్న ఆ చర్చలను ఏళ్ల తరబడి పీడించింది. చివరికి ఆంగ్లికన్లు అటువంటి బోధకులకు తిరిగి అభిషేకం చేయకుండానే వారి సేవను అంగీకరించారు. మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు తమ వ్యవస్థలో లేని బిషప్పు పదవిని స్వీకరించారు. ఏ పక్షమూ తన గౌరవాన్ని పూర్తిగా నిలుపుకోలేదు, అందువల్లనే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘం ఏర్పడగలిగింది. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్య ఆ దినాన్ని చూడలేదు.

సంఘాలు కలిసినంత సులభంగా మనుషులు కలవలేదన్నది బాధాకరమైన నిజం. తెలుగు పల్లెల్లో మాల, మాదిగ విశ్వాసుల మధ్య దూరం బాప్తిస్మం తరువాతా అనేక చోట్ల మిగిలింది. వివాహ సంబంధాల దగ్గర, సంఘ కమిటీ ఎన్నికల దగ్గర అది బయటపడుతూనే ఉంది. ఆదివారం ఒకే సంస్కారంలో పాలుపొందినవారు సోమవారం ఒకరి ఇంట ఒకరు భోజనం చేయడానికి వెనుకాడితే, పౌలు కొరింథు సంఘానికి చేసిన మందలింపు వారికీ వర్తిస్తుంది. ఈ దూరాన్ని చెరిపే పనిని సంఘ పెద్దలు ప్రసంగ వేదికకు విడిచిపెట్టక, తమ ఇళ్ల పెళ్లి విందులతో మొదలుపెట్టాలి.