వెంట వెళ్లిన దోనెలు



సిరొంచ యొద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. దిగువన సోమనూరు వద్ద ఇంద్రావతియు వచ్చి చేరుచున్నది. సెలవులకు వచ్చిన పిల్లలకు ఈ సంగమములు చూపుటకు ఒక దినమునకు పడవ మాట్లాడుకొనుట మనకు సంతోషము. ఇది తప్పు కాదు. మన ప్రభువును శిష్యులతో దోనె ఎక్కెను.

అయితే మార్కు 4వ అధ్యాయములో ఒక చిన్న మాటను మనము దాటిపోవుచుందుము. ఆయన దోనె వెంట మరికొన్ని దోనెలును వెళ్లెను. ఆయన గాలిని గద్దించగా కలిగిన నెమ్మది శిష్యులకు మాత్రమే కాదు, పేరు తెలియని ఆ దోనెలవారికిని దొరికెను.

మన పడవవాని సంగతి ఏమి? 2019 సెప్టెంబరు 15న ఇదే గోదావరిపై, పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద, నది నిండుగా పారుచుండగా విహారపు బోటు మునిగి అనేకులు మరణించిరి. కాబట్టి పెద్దలముగా మేము మనవి చేయుచున్నాము: నీరు ఎక్కువగా ఉన్నది, నేడు వద్దు అని అతడు చెప్పినయెడల డబ్బు చూపి బలవంతపెట్టకుడి. మన పిల్లలకు లైఫ్ జాకెట్లు అడుగునప్పుడు అతనికిని ఒకటి ఉన్నదా అని చూడుడి. అతని ఇంటను ఎదురుచూచు పిల్లలున్నారు.

పడవ ఎక్కకముందు చేయు ప్రార్థనలో అతని పేరును చేర్చుదము. మన దోనెకు మాత్రమే నెమ్మది కోరినయెడల అది సగము ప్రార్థనయే. ఆమేన్.