రెండు స్పీకర్లు, వెనుక అడుగులు

గేమింగ్ హెడ్‌సెట్ పెట్టె మీద ‘7.1 సరౌండ్’ అని పెద్దక్షరాల్లో వేస్తారు. అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, బరువైన మోతకు ఇంకొకటి. విప్పి చూస్తే చాలావాటిలో ఉండేవి రెండే, చెవికొకటి. అయినా ఆ రెండింటినీ తగిలించుకుని గేమ్‌లోకి దిగినవాడికి వెనుక మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తుంది. నెత్తి మీదుగా హెలికాప్టర్ పోతుంది. ఎడమ గోడ అవతల ఎవరో తుపాకీలో తూటాలు నింపుతుంటారు. తన వెనుక మంచం, దాని మీద మడతపెట్టని బట్టలు తప్ప ఇంకేమీ లేవని అతనికి తెలుసు. తెలిసినా మెడ అటు తిరుగుతుంది.

ఇలాంటి హెడ్‌సెట్‌ను మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు రివ్యూలు రాసేవాళ్లు తరచు అనే మాట ఒకటుంది: నిజంగా అక్కడే ఉన్నట్టుంది అని. మెచ్చుకోలు సరే, అసలు చిక్కు దాంట్లోనే ఉంది. లేని చోట ఉన్నట్టు వినిపించడమే ఈ వస్తువు పని అయితే, ఎంత బాగా పనిచేస్తే అంత పెద్ద అబద్ధం చెప్పినట్టా? అబద్ధానికి నాణ్యత ఎలా కడతాం? వందల ఏళ్ల కిందటే మన దార్శనికులు భేరిని మధ్యలో పెట్టుకుని దాదాపు ఇదే గొడవ పడ్డారు.

17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తెలుగువాడు. తర్కశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థి చేత ఇప్పటికీ మొదట చదివించే ‘తర్కసంగ్రహం’ ఆయనదే. ఆయన లెక్కలో శబ్దం ఆకాశానికి గుణం. చెవి అంటే బయటికి కనబడే డొప్ప కాదు, చెవి రంధ్రంలో ఉన్న ఆకాశమే. కర్ర వెళ్లి భేరికి తగిలితే తొలి శబ్దం అక్కడ పుడుతుంది. దాన్నుంచి మరొకటి, దాన్నుంచి ఇంకొకటి పుట్టుకుంటూ చెవిదాకా వస్తాయి. మనం వినేది ఆ వరసలో ఆఖరిదాన్ని. న్యాయ దర్శనం పక్షంవాళ్లయిన నైయాయికులు దీన్ని వీచీతరంగ న్యాయం, అంటే అలనుంచి అల పుట్టే తీరు, అన్నారు.

ఇంచుమించు ఆ కాలంలోనే ‘వేదాంత పరిభాష’ రాసిన ధర్మరాజ అధ్వరీంద్రుడు దీన్ని ఒప్పుకోలేదు. కన్ను వస్తువు ఉన్న చోటికి వెళ్లినట్టే చెవి కూడా భేరి దగ్గరికి వెళ్లి వింటుందని ఆయన పక్షం. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఆయన చూపిన కారణం గట్టిది. ఎవరిని అడిగినా భేరి మోత విన్నామంటారే గానీ, చెవి గుంటలో పుట్టిన ఆఖరి శబ్దాన్ని విన్నామని ఎవరూ అనరు. నైయాయికుడి మాట నిజమైతే లోకంలో అందరికీ కలిగే ఈ మామూలు అనుభవాన్ని భ్రమ అనాల్సి వస్తుంది. ఒక సిద్ధాంతం కోసం అంత మూల్యం చెల్లించడం దేనికని ఆయన ప్రశ్న. వీళ్లకంటే చాలా ముందే బౌద్ధులు ఇంకో దారి తీశారు. శబ్దం చెవికి తగలనక్కర లేదన్నాడు వసుబంధుడు. తగిలితేనే తెలుస్తుందంటే దూరంగా ఉన్నదాన్ని దూరంగా ఉన్నట్టు ఎలా పట్టుకుంటామని దిఙ్నాగుడు నైయాయికులను నిలదీశాడు.

ఈ తగవులో హెడ్‌సెట్ పనికొచ్చే సాక్షి. దాని స్పీకరు చెవికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వెనుక మెట్లు లేవు, బూట్లు లేవు. చెవి బయల్దేరి వెళ్లినా చేరడానికి అక్కడ చోటే లేదు. అయినా చప్పుడు వెనుకనుంచే వచ్చింది. కాబట్టి వినడం జరిగేది చెవి దగ్గరే అన్న మేరకు గెలుపు అన్నంభట్టుది. కానీ ఓడిన పక్షం అడిగిన ప్రశ్న అలాగే మిగిలి ఉంది. ఆ ‘వెనుక’ ఎక్కడినుంచి వచ్చింది?

1907లో లార్డ్ రేలీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇందులో సగానికి జవాబు చెప్పాడు. కుడివైపు పుట్టిన చప్పుడు కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం మహా అయితే 0.6, 0.7 మిల్లీసెకన్లు. పైగా కీచుమనే శబ్దాలకు తల అడ్డుపడి అవతలి చెవికి జోరు తగ్గుతుంది. ఈ రెండు తేడాలతో కుడి ఎడమలు తేలతాయి. సరిగ్గా ముందు పుట్టిన చప్పుడూ, సరిగ్గా వెనుక పుట్టిన చప్పుడూ మాత్రం రెండు చెవులకూ ఒకేసారి చేరతాయి. అక్కడ ఆదుకునేది చెవి డొప్ప. దాని మడతలకూ గుంటలకూ తగిలి శబ్దంలో కొన్ని పౌనఃపున్యాలు పెరుగుతాయి, కొన్ని అణుగుతాయి. ముందునుంచి వస్తే ఒక తీరు, వెనుకనుంచో పైనుంచో వస్తే ఇంకో తీరు. అన్నంభట్టు పక్కన పెట్టిన డొప్పకే ఇంత పని ఉందన్నమాట.

నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్ పరిశోధకులు 1998లో ప్రకటించిన ప్రయోగం ఈ కథలో అన్నిటికంటే రుచికరమైనది. కొందరి చెవి డొప్పల్లో అచ్చులు అమర్చి వాటి ఆకారం మార్చేశారు. ఆ క్షణంనుంచి చప్పుడు పైనుంచి వస్తోందో కిందినుంచి వస్తోందో వాళ్లకు అంతుపట్టలేదు. కుడి ఎడమలు మాత్రం మామూలుగానే తెలిశాయి. ఆ అచ్చులతోనే రోజూ తిరగ్గా తిరగ్గా కొన్ని వారాల్లో కొత్త చెవులతో వినడం అలవడింది. తర్వాత అచ్చులు తీసేస్తే పాత విద్య చెక్కుచెదరకుండా ఉంది, మునుపటిలాగే వినగలిగారు.

అంటే చోటు శబ్దంతో పాటు చెవిలో వచ్చి పడదు. సొంత డొప్పల తీరును బట్టి చిన్ననాటినుంచి మెదడు నేర్చుకున్న చదువది. అంతమాత్రాన అది భ్రమ అయిపోదు, సరిగ్గా చదివితే సరైన జ్ఞానమే. ధర్మరాజ అధ్వరీంద్రుడి అభ్యంతరానికి ఇంతకంటే మంచి సమాధానం కనబడదు.

చోటు సరిగ్గా తెలిసినా తప్పు జరగొచ్చు. రామాయణంలో దశరథుడు శబ్దభేది. సరయూ తీరాన చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వేశాడు. గురి తప్పలేదు, నీళ్లు ముంచుకుంటున్న మునికుమారుడు పడిపోయాడు. అక్కడ చోటు నిజం, వస్తువు అబద్ధం. హెడ్‌సెట్‌లో తిరకాసు దీనికి ఎదురు. బూట్ల చప్పుడని చెప్పింది బూట్ల చప్పుడే, శత్రువు వస్తున్నాడన్నదీ ఆ ఆటలో నిజమే, చోటు ఒక్కటే కల్పితం. ఒకచోట ఉన్న గుణాన్ని ఇంకోచోట చూడడాన్ని నైయాయికులు అన్యథాఖ్యాతి అంటారు. ఆ పేరు దీనికి అతికినట్టు సరిపోతుంది.

ఇక ఖరీదైన హెడ్‌సెట్ సంగతి. 2023లో మార్కెట్లోకి వచ్చిన ఆడెజీ మాక్స్‌వెల్‌నే తీసుకుంటే, అమెరికాలో దాని అప్పటి ధర ప్లేస్టేషన్ రకానికి 299 డాలర్లు, ఎక్స్‌బాక్స్ రకానికి 329. మామూలు హెడ్‌సెట్లలో 40, 50 మిల్లీమీటర్ల స్పీకర్లుంటే దీంట్లో 90 మిల్లీమీటర్ల ప్లేనర్ మాగ్నెటిక్ రకం ఉంటుంది. అయస్కాంతాల దగ్గర బిగించిన పల్చటి పొర అంతటికంతా ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి సన్నని చప్పుళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. బరువు అర కిలోకు కొంచెం తక్కువ, మెడ ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉంటుంది. ఈ తరగతి హెడ్‌సెట్ల పెట్టెల మీద 40,000, 50,000 హెర్ట్జ్ అని అంకెలు కూడా వేస్తారు. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది, వయసు పైబడితే ఇంకా ముందే. ఆ మిగిలింది ఇంట్లో గబ్బిలం ఉంటే దానికి ఉపయోగం.

డబ్బు పోసినందుకు స్పష్టత వస్తుంది, అందులో అనుమానం లేదు. వెనుక, పైన అనే దిక్కులు మాత్రం స్పీకరు నాణ్యతతో రావు. డొప్ప చేసే మార్పులను లెక్కగట్టి శబ్దానికి ముందే అద్దాలి. ఆ లెక్కకు హెచ్‌ఆర్‌టీఎఫ్ అని పేరు. 1994లో ఎమ్‌ఐటీ వాళ్లు కెమార్ అనే బొమ్మ తల చెవుల్లో మైకులు పెట్టి, చుట్టూ 710 చోట్లనుంచి చప్పుడు వినిపించి ఇలాంటి లెక్కలు తీశారు. చిక్కేమిటంటే ఏ ఇద్దరి డొప్పలూ ఒక్కలా ఉండవు. సగటు చెవికి కుదిరిన లెక్క నీ చెవికి కుదరకపోతే వెనుక అడుగులు ముందునుంచి వినిపిస్తాయి, లేదా బుర్ర నడుమే మోగుతాయి. సోనీ ప్లేస్టేషన్ 5ను తెచ్చినప్పుడు ఐదు రకాల లెక్కలిచ్చి నచ్చింది ఎంచుకోమన్నది ఇందుకే. ఒక రివ్యూ రాసేవాడు ‘అద్భుతం’ అన్నాడంటే అతని డొప్పలు ఆ సగటుకు దగ్గరగా ఉన్నాయనే మొదట అనుకోవాలి.

అబద్ధానికి నాణ్యత కట్టే తూనిక అద్వైత వేదాంతి విద్యారణ్యుడి దగ్గర దొరుకుతుంది. ‘పంచదశి’లో ధ్యానదీప ప్రకరణం భ్రమల్ని రెండుగా విడదీస్తూ మొదలవుతుంది. మూసిన గదిలో మణి ఉంది, తలుపు సందులోంచి దాని కాంతి బయట పడింది. పక్క గదిలో దీపం ఉంది, దాని కాంతీ అలాగే పడింది. ఇద్దరు మనుషులు చెరొక కాంతిని చూసి మణి అనుకుని పరుగెత్తారు. ఇద్దరూ పొరబడ్డవాళ్లే, ఒకడికి మాత్రం మణి దొరికింది. ధర్మకీర్తి అనే బౌద్ధ తార్కికుడు అంతకు ఏడు వందల ఏళ్ల ముందు వాడిన ఉదాహరణ ఇది. విద్యారణ్యుడు దీనికి మన గోదావరిని కూడా చేర్చాడు. గోదావరి నీళ్లను గంగనీళ్లనుకుని చల్లుకున్నా శుద్ధి కలుగుతుంది. ఇలా ఫలమిచ్చే పొరపాటును ఆయన సంవాది భ్రమ అన్నాడు. ఉపాసన కూడా ఇలాంటిదే, దాని దారిన వెళ్లినవాడు తత్త్వానికి చేరతాడన్నది ఆ ప్రకరణంలో ఆయన వాదం.

మంచి హెడ్‌సెట్ కలిగించేది సంవాది భ్రమే. కౌంటర్ స్ట్రైక్ గేమ్‌లోకి వాల్వ్ సంస్థ 2016లో హెచ్‌ఆర్‌టీఎఫ్ తెచ్చింది. వెనుక ఎడమన అడుగులు వినబడ్డాయి, ఆటగాడు మౌస్ తిప్పాడు, శత్రువు అక్కడే ఉన్నాడు. వాత్స్యాయనుడు ‘న్యాయభాష్యం’ మొదలుపెడుతూనే ప్రమాణాన్ని, అంటే జ్ఞానానికి సాధనాన్ని, ఫలించే ప్రవృత్తితో (పనితో) ముడిపెట్టాడు. ఆ పరీక్షలో ఈ చప్పుడు నెగ్గింది. అదే ఆటగాడు మౌస్ వదిలేసి నిజంగా మెడ తిప్పితే మాత్రం గుట్టు బయటపడుతుంది. లోకంలోని శబ్దం తల తిరిగినా తన చోట తాను ఉంటుంది. హెడ్‌సెట్‌లోని శబ్దం తలతో పాటే తిరుగుతుంది. ముందూ వెనుకా తేల్చుకోవడానికి ఈ తల కదలిక ఎంత ముఖ్యమో మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ వాలక్ 1940లోనే చూపించాడు. ఆడెజీ 2018లో తెచ్చిన మోబియస్ లాంటి హెడ్‌సెట్లు తల కదలికను పసిగట్టి శబ్దాన్ని వెనక్కి సర్దడం ఈ బాధను తప్పించడానికే. ఇక్కడ బాధ అంటే వేదాంతులు చెప్పే బాధ: తాడని తెలిశాక పాము పోవడం.

అయితే ఫలించిందల్లా నిజమనుకోవద్దని అద్వైతి గౌడపాదుడు మాండూక్య కారికల్లో ముందే ఆపాడు. కడుపునిండా తిని పడుకున్నవాడు కలలో ఆకలితో అలమటిస్తాడని శంకరులు అక్కడ వివరించారు. మెలకువలో తిన్న అన్నం కలలో అక్కరకు రాదు, కలలో తిన్నది మెలకువలో రాదు. గేమ్‌లో వెనక్కి తిరిగి దొరకబుచ్చుకున్న శత్రువు కూడా గేమ్‌తోనే సరి. విద్యారణ్యుడి మణి గదిలో నిజంగా ఉంది, అందుకే ఉపాసనకు ఆ పోలిక నప్పింది. గేమ్‌ను ధ్యానంతో సమానం చేసే ఉత్సాహవంతులు ఈ తేడా దగ్గర ఆగితే మంచిది.

ఈ తేడా తెలిసి పనిచేసినవాళ్లు 2017లో వచ్చిన ‘హెల్‌బ్లేడ్: సెనువాస్ సాక్రిఫైస్’ తయారుచేసిన నింజా థియరీ బృందం. కథానాయిక సెనువాకు మనోవైకల్యం, ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తాయి. కేంబ్రిడ్జ్ మనోవైద్య ఆచార్యుడు పాల్ ఫ్లెచర్ సలహాతో, అలాంటి అనుభవం ఉన్నవాళ్లతో మాట్లాడి ఆ గొంతులు సిద్ధం చేశారు. తలలాంటి మైకు చుట్టూ నటులు తిరుగుతూ మాట్లాడగా రికార్డు చేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అవి మెడ పక్కన గుసగుసలాడతాయి, వెక్కిరిస్తాయి, పోట్లాటలో వెనుకనుంచి దెబ్బ వస్తుంటే హెచ్చరిస్తాయి కూడా. ఆ గొంతులు సెనువా లోకంలోనే లేనివి, అయినా హెచ్చరిక ఫలిస్తుంది. 2018లో ఈ గేమ్‌కు వచ్చిన ఐదు బాఫ్టా బహుమతుల్లో శబ్దానికి ఒకటి ఉంది. ఇక్కడ హెడ్‌సెట్ ఇచ్చే ఫలం శత్రువు దొరకడం కాదు, ఇంకొక మనిషి బాధ కాసేపు మన చెవిలో పడడం. గేమ్ ముగిశాక కూడా మిగిలేది ఇదొక్కటే అనిపిస్తుంది.

కాబట్టి కొనేవాళ్లు పెట్టె మీది 7.1నూ, 50,000 హెర్ట్జ్‌నూ నమ్మక్కర్లేదు. కుదిరితే కొట్లోనే తగిలించుకుని, కళ్లు మూసుకుని, ముందు వెనుకలు తేడాగా వినిపిస్తున్నాయా చూడండి. తేడా రాకపోతే ధర ఎంతైనా ఆ లెక్క మీ చెవిది కాదు. సెట్టింగుల్లో ఇంకో లెక్క ఉంటే అది పెట్టి వినండి, అదీ కుదరకపోతే పెట్టె వెనక్కి ఇచ్చేయండి.